సగం బల్ల

అదిగో, మీరూ అనేసినారా! "అన్నం తినేవాళ్ళం గదమ్మా ఫేబీ, గోధుమలు మానేస్తే మనకేం నష్టం" అని. మైపాడు సముద్రం ఒడ్డు నుంచి ఇందుకూరుపేట బస్టాండు దాకా ఈ మాట అనని మనిషి లేడు అయ్యగారూ. మీరొక్కరే మిగిలి ఉండారనుకున్నా. అదీ అయిపోయింది.

కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగతాది. ఇటు ఫ్యాను కింద కూర్చోండి. మా ఆయన షాపు కట్టేసి వచ్చేదానికి ఇంకా టైముంది. ఆయన లేనప్పుడు మాట్లాడుకోవడమే మేలు. ఆయనుంటే నేను నోరు తెరవకముందే "పోనీలే ఫేబీ" అంటాడు. ఆ మనిషికి వచ్చిన ప్రార్థన అదొక్కటే.

ఎందుకొచ్చినారో నాకు తెలీదా ఏంది? రేపు నెల మొదటి ఆదివారం. రేపు చర్చిలో ప్రభు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పంచే రోజు. నేను రొట్టె ముక్క ఎందుకు తీసుకోవడం లేదో అడగడానికి వచ్చినారు. ఏడాది నుంచి సంఘమంతా నా వెనకాల అడగతా ఉండాది, మీరు ముందుకొచ్చి అడగతా ఉండారు. సంతోషం. చెప్తా. ఓపిగ్గా వినండి, మీ ప్రసంగాలు నేను అట్నే విన్నా గదా!

నష్టమేందన్నారు. అన్నం తింటా, నిజమే. చేపల పులుసు తింటా, దాంతో నాకు తగాదా లేదు. కానీ సాంబారు? సాంబార్లో ఇంగువ ఉంటాది. ఆ చిన్న డబ్బాలో ఇంగువ కంటే పిండే ఎక్కువంట, అదీ గోధుమపిండి! ఎవరికి తెలుసు? ఇన్నేళ్ళూ నేను ఇంగువంటే ఇంగువే అనుకున్నా.

ఉప్మా లేదు. సేమియా పాయసం లేదు. పూరీ సంగతి సరే సరి. నెల్లూరు పోతే మలై కాజా అంగడి ముందు నుంచి తల తిప్పుకొని పోతా, అదీ మైదానే. పెళ్ళిళ్ళలో రొయ్యల వేపుడు పెడతారా, అది కరకరలాడిందంటే నాకు అనుమానం. వడ్డించే వాణ్ణి పిలిచి "దీంట్లో మైదా కలిపినారా నాయనా" అని అడగతా. వాడు నన్ను ఫుడ్డు ఇన్‌స్పెక్టర్ని చూసినట్టు చూస్తాడు.

నవ్వండి, నవ్వండి. ఇంకోటి చెప్తా, దానికీ నవ్వచ్చు. మా ఆయన అమ్మేది రొయ్యల మేత గదా. ఆ మేత నీళ్ళల్లో విడిపోకుండా దాంట్లోనూ గోధుమపిండి కలుపుతారంట! ఈయన షాపు నుంచి వస్తే పెరట్లోనే చొక్కా విప్పి, చేతులు కడుక్కొని లోపలికి రావాల. గుంటల్లో రొయ్యలు హాయిగా తింటా ఉండాయి. ఇంటామె మాత్రం మొగుడి చొక్కా చూసి భయపడతా ఉండాది.

పేరా? సీలియాక్. నోరు తిరగదులెండి. మా అత్త "సిలువ జబ్బా?" అని అడిగింది ఒకసారి. కాదత్తా అన్నా గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆమే దగ్గరగా వచ్చింది.

ఇది తెలియక ముందు ఎట్టుండేదాన్నో మీకు గుర్తుందా? పుల్లలాగా అయినాను. రక్తం లేదన్నారు. ఏం తిన్నా కడుపు నిలిచేది కాదు. పాపం, అందరూ చూడ్డానికి వచ్చినారు. చేతులూపుకుంటా ఎవరన్నా వస్తారా? బ్రెడ్డు ప్యాకెట్టు ఒకటి, మాల్టు పొడి డబ్బా ఒకటి. రోగం చూడబోతే తీసుకుపోవాల్సింది అదే గదా మన దగ్గర! పాలల్లో బ్రెడ్డు ముంచుకొని తిన్నా. ఇంకా చిక్కిపోయినా. నెల్లూర్లో ఒకాయన రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమన్నాడు, తేలిగ్గా అరుగుతాదంట. తిన్నా. మందు తిన్నట్టు తిన్నా. చిక్కేకొద్దీ "ఇంకో చపాతీ వేసుకో ఫేబీ" అని బతిమాలినారు. నా మీద ప్రేమతోనే నన్ను సగం చంపినారు, ఎవర్నీ ఏమనలేను.

చివరికి చెన్నపట్నం పోయినాం. గొట్టం వేసి చూసినారు. పేగు లోపల గోడంతా అరిగిపోయి ఉండాదన్నారు. గోధుమ, బార్లీ తగిలితే చాలు, నా ఒళ్ళే నా పేగుని తినేస్తాదంట. ఆ డాక్టరమ్మ అరవంలోనే చెప్పింది, ఒక్క తునక కూడా కూడాదు, కూడాదు అని. మనకు ఆ మాట బాగానే అర్థమవుతాది గదా. వేలికి అంటినంత పిండి కూడా వద్దనింది.

ఇంటికి రాగానే నేను మొదట చెప్పింది ఎవరికి? మీకు. గుర్తుందా అయ్యగారూ? ప్రభు బల్ల రొట్టె ఎట్ట తీసుకునేది, అది మైదా గదా అని అడిగినా. మీరేమన్నారు? "ప్రార్థన చేసినాక అది వట్టి రొట్టె కాదమ్మా, విశ్వాసంతో తీసుకో" అన్నారు.

తలొంచుకోకండి. నేను నిష్ఠూరానికి చెప్పడంలేదు. తీసుకున్నా గదా! గోరంత ముక్క, కళ్ళు మూసుకొని, పూర్తి విశ్వాసంతో. మధ్యాహ్నం నుంచి బాత్రూములో ఉండా. సాయంత్రం కూడికకు రాలేదని మీరే చూడ్డానికి వచ్చినారు. ఏం తెచ్చినారు చేతిలో?

చెప్పండి, ఏం తెచ్చినారు?

బ్రెడ్డు ప్యాకెట్టు!

ఆ తర్వాత నెల నుంచి మానుకున్నా. ప్లేటు ఆడవాళ్ళ వరసలో చేతులు మారుకుంటా వస్తాది. నా దగ్గరికి రాగానే పక్కామెకు అందిస్తా. గిన్నెలో ద్రాక్షరసం మాత్రం తీసుకుంటా, దాంట్లో నాకేం కీడు లేదు. అంతే, గుసగుసలు. బల్ల తీసుకోని మనిషంటే లోపల పాపం ఉన్నట్టే గదా మన సంఘంలో. మరి సగం తీసుకుంటే? సగం పాపమా? ఎలిశబెతక్క దానికీ తీర్పు చెప్పింది. "సగం బల్ల ఎక్కడైనా ఉంటాదా, ఆ సగం మాత్రం ఎందుకు" అనింది.

స్త్రీల సమాజం ప్రెసిడెంటు గదా ఆమె, బాధ్యత ఉంటాది. ముగ్గుర్ని వెంటేసుకొని మా ఇంటికొచ్చింది ప్రార్థన చేయడానికి. జబ్బని చెప్పినా. చెన్నపట్నం రిపోర్టులు చూపించినా. "గోధుమ పడకపోవడమేంది, బైబిలు వాక్యంలో ఉన్న ధాన్యమే గదా" అని పక్కన పెట్టేసి, ఇంక నా పాపాలు వెతకడం మొదలుపెట్టినారు.

తోటికోడలితో తగాదానా? ఆమె బోగోల్లో ఉండాది, పొద్దున లేస్తే ఫోన్లోనే ఉంటాం. మీ ఆయన మేతలో ఏమన్నా కల్తీ చేస్తా ఉండాడా? ఆయనకు అంత తెలివుంటే ఈ కుర్చీ కాలు బాగుచేసేవాడు. ఎక్కడన్నా మొక్కుకున్నావా? లేదు. అప్పుడు ఎలిశబెతక్క గొంతు తగ్గించి అడిగింది... "ఎవరన్నా ఉండారా ఫేబీ?"

అయ్యగారూ, నన్ను చూడండి. పొద్దంతా బాత్రూము చుట్టూ తిరిగిన మనిషిని. నాకు ఇంకొక మనిషి ఎక్కడ కుదురుతాడు? అడ్రసు చెప్తే నేనూ చూసొస్తానక్కా అన్నా. వాళ్ళు నవ్వలేదు.

తర్వాత శుక్రవారం కూడికలో ఆమె ప్రార్థన విన్నారా మీరు? "మా మధ్యలో ఒక సహోదరి ఏదో దాచిపెట్టుకొని ఉండాది ప్రభువా, ఆమె పేరు నీకు తెలుసు" అని. ఆయనకేనా తెలిసేది? ఆ గదిలో ఉన్న వాళ్ళందరికీ తెలుసు. అందరూ కళ్ళు మూసుకొని నన్నే చూసినారు.

క్రిస్మస్‌కి ఇళ్ళకు పోతే కేకు తినలేదని పొగరన్నారు. అబిగయీలు పెళ్ళిలో ఆ పిల్ల తన చేత్తో కేకు నోటి దాకా తెస్తే మొహం తిప్పుకున్నానని వాళ్ళ అత్తగారు ఇంకా చెప్పుకుంటా ఉండాదంట. వాళ్ళ అత్తగారెవరు? మళ్ళీ ఎలిశబెతక్కే! నా గ్రహచారం కాకపోతే.

ఇవన్నీ నేను పట్టించుకోలేదు. నిజంగా. ఇంటికొచ్చి మా ఆయనకు యాక్టు చేసి చూపించి నవ్వుకునేదాన్ని.

సండే స్కూలు దగ్గరే నా వల్ల కాలేదు.

మీకు తెలుసు, నాకు పిల్లల్లేరు. చర్చి పక్క గదిలో నా ముందర చాప మీద కూర్చునే పిల్లలే నా పిల్లలనుకున్నా. ఇప్పుడు క్వయర్లో పాడే జడ్సన్ ఉండాడే, వాడికి మొదటి పాట నేర్పింది నేను. ముక్కు తుడిచింది నేను. ఆ ఆదివారం ఎప్పట్లాగా పోయి తలుపు తోసినా. నా కుర్చీలో అబిగయీలు కూర్చొని ఉండాది. పిల్లలు లేచి "వందనాలు టీచర్" అన్నారు. ఏ టీచర్‌కి చెప్పాలో తెలీక ఒకసారి నాకు, ఒకసారి ఆ పిల్లకు. నేను వాకిట్లోనే నిలబడిపోయినా. ఎలిశబెతక్క వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యేసింది. "ముందు నీ సంగతి దేవుడితో సరిచేసుకోమ్మా, తర్వాత పిల్లల సంగతి చూద్దువు" అనింది. గట్టిగానే అనింది. పిల్లలందరూ విన్నారు.

మీకు ముందే తెలుసా? మీరే సరేనన్నారా? ... ఊఁ. సరేలెండి.

నాకు అంతగా ఏడుపు ఎప్పుడూ రాలేదు అయ్యగారూ. జబ్బు పేరు చెప్పినప్పుడు కూడా రాలేదు.

ఏందది, సంచిలోంచి తీస్తా ఉండారు? స్టీలు డబ్బానా? నాకెందుకు... తెరవమంటారా?

రొట్టె.

బియ్యప్పిండితోనా? రేపటికి నాకోసం, విడిగా, వేరే ప్లేటులోనా? మీరు ఎవరో డాక్టర్ని కనుక్కున్నారా? నేను చెప్పిందంతా నిజమేనని ఆయన చెప్పినాడా? అదే మాట నేను చెప్పినా గదా! పోనీలెండి. ఆయన చెప్పినందుకైనా సంతోషం. అడగడానికి వచ్చినారనుకున్నా, ఇవ్వడానికి వచ్చినారన్నమాట. నన్ను ఇంతసేపు వాగనిచ్చినారే!

పెనం? గోధుమ రొట్టెలు కాల్చే పెనం మీద కాల్చితే నాకు మళ్ళీ అదే గతి, తెలుసా? ... కొత్త పెనం కొన్నారా! బియ్యం కూడా ఇంట్లోనే విసిరినారా? ఎవరు చేసినారండీ ఇంత జాగ్రత్తగా? మీ ఇంట్లో అమ్మగారా?

ఎలిశబెతక్కా?

ఎలిశబెతక్క చేసిందా ఇది!

ఆమె పోయిన నెల చర్చి మెట్ల మీద జారిపడింది గదా, మణికట్టు విరిగి. ఇంకా కట్టు విప్పలేదంటిరే. ఆ చేత్తోనే ఒత్తిందా?

ఒక్కటడగతా. ఈ డబ్బా మీ చేతికిచ్చేటప్పుడు ఏమనింది? తప్పయిందనిందా? పిల్లల ముందర అట్ట అనకూడదు అనిందా? ... "పాపం ఫేబీ, రేపన్నా తీసుకోమనండి" అనిందా. అంతేనా. సండే స్కూలు మాట? ... ఎత్తలేదు.

ఊఁ.

లేదు అయ్యగారూ, మూత పెట్టేయండి. నాకు వద్దు. కోపంతో కాదు... కాదు, కోపంతోనే. అదే గదా అసలు సంగతి. చెప్తా వినండి, ఇది ఇంతవరకూ మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆమె మెట్ల మీద పడిందని ఫోనొచ్చినప్పుడు నేను "అయ్యో" అన్నా గట్టిగా, అందరికీ వినపడేట్టు. ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి నవ్వుకున్నా. కుడి చెయ్యేనా అని మళ్ళీ ఫోను చేసి కనుక్కున్నా. కుడి చెయ్యేనని తెలిసి ఆ పూట కడుపునిండా అన్నం తిన్నా.

ఇప్పుడు ఆ విరిగిన చేత్తోనే నాకోసం పిండి ఒత్తిందని మీరు చెప్తా ఉండారు. మంచి మనిషికైతే మనసు కరగాల. నేను చూస్తానే ఉండా, ఎప్పుడు కరుగుతాదా అని. కరగలేదు. ఆ గది వాకిలి, నా భుజం మీద ఆ చెయ్యి, అదే గుర్తొస్తా ఉండాది. ఇంకొంచెం నొప్పి పుట్టి ఉంటే బాగుండునే అనిపిస్తా ఉండాది.

క్షమించమంటారు. మీరు అంటారు, అది మీ పని. నేను క్షమించినానని నోటితో చెప్పి ఆ రొట్టె తినొచ్చు, నా పేగుకేమీ కాదు. కానీ లోపల ఇంత పగ పెట్టుకొని బల్ల తీసుకోకూడదని ప్రతి నెలా మీరే చెప్తారు. రోగమొక్కటే ఉన్నన్నాళ్ళు నాకు పాపం లేదు, మీరెవరూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మి రొట్టె తెచ్చినారు, నాకు పాపం వచ్చేసింది. మీరందరూ కలిసి ఏడాది పాటు వెతికి వెతికి, దొరక్క, చివరికి మీరే తయారుచేసినారు.

రేపు వస్తా, రాకుండా ఎందుకుంటా! నా చోట్లోనే కూర్చుంటా. రొట్టె పక్కకు అందిస్తా, రేపు గిన్నె కూడా అందిస్తా. ఆడవాళ్ళ వరసలో గుసగుసలు మొదలైతే మీరు పైనుంచి వాళ్ళను ఆపొద్దు అయ్యగారూ. నా గురించి వాళ్ళు నిజం మాట్లాడుకునేది రేపు ఒక్కరోజే.