నలభై ఒకటో నెంబరు

(సెలవులకు ముందు ఆఖరి మధ్యాహ్నం. ఖాళీ తరగతి గదిలో లెక్కల టీచరు జవాబు పత్రాలు లెక్కపెడుతోంది. అదే బడిలో అటెండరుగా పనిచేసే ఆమె మేనమామ తలుపు తోసుకుని వచ్చాడు.)

“ఓ పంతులమ్మా! నలభై కాగితాలు లెక్కపెట్టడానికి పొద్దుట్నుంచీ వేళ్లు మడుస్తున్నావేంటే? చాలకపోతే చెప్పు, నా కాలివేళ్లు కూడా ఇస్తా.”

“నలభై కాదు మావయ్యా. నలభై ఒకటి ఉండాలి.”

“ఉండాలా?”

“మార్కుల రిజిస్టర్లో నలభై ఒక్క పేర్లున్నాయి. పేపర్లు నలభై. ఒకటి పోయింది.”

“అయ్యయ్యో. బల్ల కింద చూశావా?”

“చూశాను.”

“బీరువా వెనక?”

“చూశాను.”

“నీ జడలో?”

“పిల్లల పేపరు పోగొడితే ఉద్యోగం పోతుంది మావయ్యా.”

“సర్లే, సర్లే. మా చిన్నదానిది ఉందిగా?”

“ఉంది.”

“దిద్దావా?”

“ముందు ఇది దొరకనీ.”

“దానికేంలే. ఏడాదంతా పదికి ఎనిమిదీ తొమ్మిదీ తప్ప కిందకి దిగలేదు. లెక్కల పీరియడంటే గోడ దూకినవాడి కూతురంటే ఎవరైనా నమ్ముతారా? పై క్లాసు పుస్తకాలకి అట్టలు కూడా వేసేశా.”

“అప్పుడేనా?”

“అదేంటే, మొహం అలా పెట్టావు?”

“ఏం లేదు. నిద్ర లేదు.”

“సరే, ఆ పోయిన పేపరు ఎవరిది?”

“ఆఖరి నెంబరు.”

“వాడా! ఎలా ఉంటాడే వాడు?”

“ఉంటాడు... కాస్త నెమ్మది.”

“ఎక్కడ కూర్చుంటాడు?”

“కిటికీ పక్కన. అనుకుంటా.”

“చేటల్లాంటి చెవులు, వాడేనా?”

“ఆ... వాడే.”

“కాస్త నత్తి కూడా?”

“కొంచెం.”

“హహ్హహ్హ! ఒసేయ్ పిచ్చిమొహమా, వాడు లేడే!”

“ఇవాళ రాలేదా?”

“ఎప్పుడూ రాలేదు! పుడితేగా రావడానికి! రిజిస్టరుకి గీతలు కొట్టి, పేర్లు రాసిచ్చింది ఎవరు? నేను. చివర్లో ఒకణ్ణి సొంతంగా కనేశా. మొదటి నెలలోనే పట్టుకుని చెవి మెలిపెడతావనుకున్నా. ఏడాది గడిచిపోయింది! నవ్వవేంటే?”

“అంటే, పేపరు పోలేదు.”

“పోలేదు తల్లీ, పోలేదు!”

“మంచిది.”

“ఏదీ, ఆ రిజిస్టరు ఇలా ఇవ్వు. నా వాడికెంత వేశావో చూడాలి. మొదటి ఫార్మేటివ్ ఎనిమిది. రెండోది తొమ్మిది. గ్రూపు పనికి తొమ్మిది! ఎవరి ఒళ్లో కూర్చుని చేశాడే? ఇదేంటి... ‘ప్రశ్నలు బాగా అడుగుతాడు’! ఓరి నాయనో, నా పొట్ట...”

“అందరికీ అదే రాశాను.”

“అందరికీ అంటే?”

“ఫార్మేటివ్ అంటే పిల్లల మధ్య తిరిగి చూడాలి మావయ్యా. ఎవరికేం రావట్లేదో కనిపెట్టాలి, మళ్లీ చెప్పాలి, మళ్లీ చూడాలి. ఉద్యోగంలో చేరిన ఏడాది అలాగే చేశాను. చాలామందికి నాలుగు, ఐదు వచ్చాయి. ‘ఇన్ని తక్కువలుంటే నీకు పాఠం చెప్పడం రాదంటారు, తిరగరాయి’ అన్నారు హెడ్మాస్టరు. తిరగరాశాను. ఇప్పుడు ప్రతిసారీ ఒక్క సాయంత్రం కూర్చుంటాను. ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది. ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది. చెయ్యి దానంతటదే పోతుంది.”

“మరి ఈ చివరి పరీక్ష?”

“సమ్మేటివ్. అందులో ఏం రాస్తే అదే. నేను దిద్దాక బయటివాళ్లు మళ్లీ చూస్తారు. రిజిస్టరు ఇటివ్వు మావయ్యా.”

“ఉండు. మా చిన్నది పద్దెనిమిదో నెంబరు. ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది. ‘ప్రశ్నలు బాగా అడుగుతుంది.’”

“అవును.”

“నా ఉత్తుత్తివాడికీ దానికీ ఒకటే మార్కులు.”

“అవును.”

“అది ఉందిగా కానీ. రోజూ వచ్చిందిగా. నీ మరదలేగా, నీ చంకలోనే పెరిగిందిగా.”

“ఉంది.”

“దాని పేపరు దిద్దావా?”

“పొద్దున్నే దిద్దాను.”

“ఎంత?”

“ఎనభైకి పదకొండు.”

“పాసవ్వాలంటే?”

“ఇరవై ఎనిమిది.”

“ఆ తొమ్మిదులు కలపవే.”

“కలిపినా లాభం లేదు. ఈ పరీక్ష విడిగా పాసవ్వాలి. మళ్లీ ఇదే క్లాసులో కూర్చోవాలి.”

“మళ్లీనా? తోటిపిల్లలంతా పైకెళ్లిపోతే?”

“అవును.”

“ఏం రాలేదే దానికి?”

“భిన్నాలు. అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత చెప్పిందేదీ ఎక్కలేదు. పక్కన కూర్చుని ఒక్క లెక్క చేయించి ఉంటే, ఎనిమిది నెలల కిందటే నాకు తెలిసేది. తిట్టు మావయ్యా. తిట్టవేం?”

“ఏ మొహం పెట్టుకుని తిట్టనే? ఎనిమిది నెలల కిందట అది నాకు చెప్పింది. ‘నాన్నా, నాకు లెక్కలు రావట్లేదు, ఒట్టు’ అని మూడుసార్లు వచ్చి ఏడ్చింది. నీ తొమ్మిది దానికే చూపించి, ‘నన్నే బోల్తా కొట్టిద్దామనుకున్నావటే, ఆ విద్య నీకు నేర్పిందే నేను’ అని పడీపడీ నవ్వాను.”