మంచినీళ్ళు

అది 1963 వేసవి. వాల్తేరులో భూరసాయన శాస్త్రం చదువుతున్న మేనల్లుడు దర్శి దగ్గర పల్లెలో మధ్యాహ్నం బస్సు దిగి, మేనత్త వసారాలో కూలబడ్డాడు.

"అత్తయ్యా, నువ్వు నెలనెలా పంపిన ఆరు సీసాల నీళ్ళూ పరీక్ష చేశాను. ఫ్లోరైడ్ జాడే లేదు."

"అంటే?"

"పళ్ళనీ ఎముకల్నీ పాడుచేసేది అందులో లేదని."

"లేకపోతే మంచిదేగా. మొహం అట్లా వేలాడేసుకున్నావేం?"

"మీ ఊళ్ళో పిల్లల పళ్ళన్నీ గారపట్టి ఉన్నాయి. నీ మోకాళ్ళు వంగట్లేదు. మా మాస్టారేమో నాకు పరీక్ష చెయ్యడమే రాదంటున్నారు. ఒక్కో సీసా మూడేసిసార్లు చేశాను. ఇక నా వల్ల కాదు."

"నువ్వు సరిగ్గానే చేశావులేరా."

"నీకెట్లా తెలుసు?"

"అవి మన బావి నీళ్ళు కాదుగా. పక్కూరి బావివి. బిందె చంకనేసుకుని నడిచెళ్ళి తెచ్చాను."

"రెండు మైళ్ళు! ఈ మోకాళ్ళతోనా?"

"కూర్చుంటూ లేస్తూ వెళ్ళాను. మంచినీళ్ళు పట్టి పంపమన్నావు. నీ చదువు కోసం ఆమాత్రం చెయ్యనా?"

"ఆర్నెల్ల చదువూ నీళ్ళపాలు చేశావు కదే! మంచినీళ్ళంటే మీరు రోజూ తాగే నీళ్ళని."

"మన బావివా?"

"అవే."

"వాటిని మంచినీళ్ళని ఎవరంటారురా? అవి మేం తాగేవి."