కత్తితో కోసిన దారికొమ్మ

అసిరమ్మ కొంగు నడుముకి బిగించి కొండెక్కడానికి బయల్దేరింది, తాతా అడ్డులే అంది నన్ను. నేను కోపంగా ఎక్కితే కొండే రెండడుగులు దిగి ఎదురొచ్చేది, అలాంటి నేనే పక్కకి తప్పుకున్నాననుకోండి. ఎందుకంత కోపం? కొండవతల ఊళ్లో దాని తల్లి ఉంది. పెళ్లై పదేళ్లు. అమ్మని చూసొస్తానంటే మొగుడు గంగులు, నేను తీసుకెళ్తాలే అంటాడు, తీసుకెళ్లడు. ఒక్కదాన్నే పోతానంటే నవ్వుతాడు. ఆ పొద్దున్న ఏమైందంటే, అందరూ వింటుండగా గంగులు, ఒసే, పెరట్లోకెళ్తేనే దారి తప్పుతావు, నువ్వు కొండెక్కుతావా, ఎక్కితే సగం కొండమీదున్న ఊట దాకా ఒక్కదానివే పోయి అక్కడి తెల్లమట్టి పిడికెడు తీసుకురా, తెస్తే నీకు మనసైనప్పుడల్లా అమ్మ దగ్గరికి పో, తేలేకపోతే ఆ ఊరి పేరు మళ్లీ ఎత్తకు అన్నాడంట. మాట మీద ఉంటావా అని ఇది. ఉంటానని వాడు.

చాలా తేలిక దారి అది. చూలు మేకలు కూడా ఎక్కుతాయి. నేనైతే కళ్లకి గంతలు కట్టుకుని, భుజాన దున్నపోతుని మోసుకుని ఎక్కినోణ్ణి. నవ్వకండి, దున్నపోతే. కానీ అసిరమ్మ ఎప్పుడు కొండెక్కినా ఆడోళ్ల వరసలో మధ్యన నడిచిందంట, ముందు మనిషి మడమలు తప్ప దారి చూసిందే లేదు. ఎక్కింది, ఎక్కింది, దారి రెండుగా చీలిన చోటికొచ్చింది. ఒకటి ఊటకి, ఒకటి పాత రాళ్లగోతిలోకి. ఏది ఏదో తెలియలేదు. మన కొండమీద ఒక పద్ధతుంది కదా, ముందు పోయినోళ్లు వెళ్లకూడని దారికి అడ్డంగా పచ్చికొమ్మ పడేసి పోతారు. కుడిదారికి అడ్డంగా కొమ్మ ఉందంట. సరే, ఎడమకి పోవాలనుకుని రెండడుగులేసింది. ఆగింది. ఇవాళ నాకన్నా ముందు ఎవరొచ్చారు అనుకుంది. వెనక్కొచ్చి కొమ్మ ఎత్తి చూసింది. కోసిన కొమ్మ అది.

వింటున్నారా? దారికొమ్మని చేత్తో విరుస్తారు, కత్తి తగలనివ్వరు. ముందు నడిచే ప్రతి మనిషికీ తెలుసు, మధ్యన నడిచినా విరిచే చప్పుడు వినేది గనక దీనికీ తెలుసు. వరసలో చివర చుట్ట కాల్చుకుంటూ వచ్చేవోడికి ఎలా తెలుస్తుంది? కోతలో నడిమికి పీచు లేచి ఉందంట, కత్తికి నొక్కు ఉంటే అలాగే లేస్తుంది. అలాంటి నొక్కుకత్తితోనే ఇంట్లో అది రోజూ కూరలు తరుగుతుంది. తెల్లారకముందే వాడు లేచి బయటికి పోయింది ఇందుకా, కొమ్మ వేసొచ్చాకే పందెం కట్టాడా అనుకుంది. అప్పుడొచ్చింది చూడండి కోపం, చెట్ల మీద పిట్టలు లేచిపోయాయంట. వాడు మూసిన దారినే పోయింది, ఊట కనపడింది, మట్టి తీసింది, దిగొచ్చింది.

గంగులు అరుగు మీద కూర్చుని ఇంకా రాలేదేటి అని నవ్వుతున్నాడంట. మట్టి వాడి ముందు పెట్టింది. పక్కన కొమ్మ పెట్టింది. కొమ్మ పక్కన కత్తి తెచ్చి పెట్టింది. "నేను గోతిలో పడితే పడ్డాను. నా వెనకాల చూలు మేకలొస్తే? చంటిబిడ్డనెత్తుకున్న మనిషొస్తే?" అంది. గంగులు, సరదాకి చేశానే అన్నాడు. ఊళ్లో ఒక్కరూ నవ్వలేదు. అసిరమ్మ చెంబెడు నీళ్లు తాగి, కొంగు మళ్లీ బిగించి, అటే ఎక్కింది. ఈసారి ఊట దగ్గర ఆగలేదు. అమ్మ దగ్గర తొమ్మిది రోజులుండి వచ్చిందంట. ఇప్పుడు ఆడోళ్ల వరసకి ముందు నడిచేది అదే, కొమ్మ విరిచేదీ అదే.

గంగుల్ని మీరు ఏమీ అనకుండా పోనిచ్చారు, నాకింకా కోపం చావలేదు. దారికొమ్మ మార్చినోడు మనిషా? ఈ కొండని ఈ రెండు చేతుల్తో పెకలించి వాడి నెత్తిన బోర్లిద్దును, చిటికెలో పని నాకు. అలా చేస్తే అది అమ్మ దగ్గరికి పోవడానికి దారుండదని వదిలేశాను.