అన్న పేరు

విజయనగరం కోట పక్క వీధి. సాయంత్రం వయొలిన్ క్లాసుకి బయల్దేరిన కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. తల్లి వంకాయలు తరుగుతోంది.

“ఇంకా ఎల్లలేదేటే? క్లాసుకి టైమైపోతన్నాది.”

“కోట సందులోంచి నానెల్లనమ్మా. రోడ్డుమీంచి సుట్టూ తిరిగెల్తాను.”

“నీకేటి బయం? ఎవుడైనా అడ్డొస్తే కామేష్ సెల్లెల్నని సెప్పు. దారిస్తారు.”

“నాకిస్తారు. నిన్న నాతో క్లాసుకొచ్చే విశాలి కూడా అలాగే సెప్పింది.”

“అయితే?”

“అక్కడ కూకున్నది అన్నేనమ్మా. ‘నాకు ఒకర్తే సెల్లి’ అని నవ్వి, దాని చున్నీ లాగేసినాడు. ఆడి జట్టంతా వీడియో తీసినారు.”

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

“ఆడి పేరు సెప్పమని దానికెవులు నేర్పినారు?”

“నానే.”

“అదీ సంగతి. ఇంట్లో మగోడి పేరు ఊరందరికీ పంచితే ఇలాగే ఉంటాది.”

“అది ఏడుస్తా ఇంటికెల్లిందమ్మా.”

“ఏడవనీ. నిన్నెవుడూ ముట్టుకోలేదు కదా?”

“లేదు.”

“మరింకేటి, సందులోంచే ఎల్లు. వచ్చేటప్పుడు అన్నని అన్నానికి రమ్మను. వంకాయ కూరంటే ఆడికి పేణం.”