బంధుత్వం గడి

రాత్రి చలికి పోయిన ఒకతని శవం కోసం వచ్చిన సిస్టరమ్మ, శవాల గది కిటికీ దగ్గర రిజిస్టరు ముందుకు లాక్కుంది. లోపల గుమాస్తా ముఖం వెలిగిపోతోంది.

“సిస్టరమ్మా, మీ నిరాశ్రయుల మందిరానికి నగర పురస్కారమటగా! పేపర్లో చూశాను.”

“ఎందుకిచ్చారో నాకే తెలీదయ్యా. మాకున్నవి పన్నెండు మంచాలు. రోడ్డు మీద పడుకునేవాళ్లు వందమంది.”

“ఎందుకేమిటమ్మా? ఈ ఏడాది ఊళ్లో ఒక్క అనాథ శవమూ లేదు. ఆ లెక్క పైకి పంపింది నేనే.”

“లేకపోవడమేమిటి? చలికి పోయినవాళ్లని నా చేతుల్తో పూడ్చాను కదా!”

“పూడ్చారు. కానీ బంధుత్వం గడిలో ప్రతిసారీ ‘అక్క’ అని రాశారు. అక్క ఉన్నవాడు అనాథ ఎలా అవుతాడు?”

“దేవుడి ముందు అది అబద్ధం కాదు, అందుకే రాశాను.”

“నేను కాదన్నానా? అనాథ చావులే లేవు కాబట్టి నిరాశ్రయులకి కొత్త వసతిగృహం అక్కర్లేదని ఫైలు కూడా మూసేశారు.”

ఆమె పెన్ను ఆగిపోయింది.

“మంచం ఖాళీ లేదని నిన్న ఇతన్ని నేనే తిప్పి పంపేశాను. ఇవాళ ‘ఎవరూ లేరు’ అని రాస్తే?”

“అప్పుడు లెక్కలోకి వస్తాడు. శవాన్ని మీకు మాత్రం ఇవ్వం. డాక్టరీ చదివే పిల్లలు కోత నేర్చుకునే బల్ల మీదికి పోతాడు.”

ఆమె గడిలో ‘అక్క’ అని రాసింది.

“ఈ నెల కూడా సున్నా!” అన్నాడు గుమాస్తా సంతోషంగా.