ప్లీడరు గారు గెలిచిన కేసు

నేను ఎటువైపంటావా? ఆ టీవీ గొంతు కాస్త తగ్గించు దేదీప్యా, చెప్తాను. వైద్యానికి గవర్నమెంటు డబ్బివ్వాలా, ఎవడి జేబులోది వాడు పెట్టుకోవాలా అని వీళ్ళు ప్రతి ఎలక్షన్‌కీ ఇలాగే కొట్టుకుంటారు. నాకిది కొత్తేం కాదు. మా వీధి చివర శశికళ వాళ్ళింట్లో, ఆ అమ్మాయి నాన్నగారు ఆంజనేయప్రసాద్ గారి నోట రోజూ వినేవాణ్ణి, మధ్యలో యాడ్స్ కూడా లేకుండా. నువ్వు చూళ్ళేదులే ఆయన్ని. నువ్వు మా ఇంటి కోడలివై అమెరికాలో ఈ కమ్మింగ్ ఊరికి రాకముందే, ఎప్పుడో పోయారు. నరసరావుపేటలో పెద్ద ప్లీడరు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా మూడు పాయింట్లు చెప్పేవారు, నాలుగోది రిజర్వ్‌లో పెట్టుకునేవారు. శశికళ పాపం మొదటి పాయింటుకే ఉప్పు డబ్బా తెచ్చి పెట్టేసేది. అదీ నచ్చేది కాదు. 'పూర్తిగా వినవేంటమ్మా' అనేవారు.

ఏం చెప్తున్నానూ, ఆఁ, ఆయన దీనికి పక్కా వ్యతిరేకం. 'ఈశ్వరయ్య గారూ, నేనీ దేశానికి ఒక్క డాలరు పన్ను కట్టానా? లేదు. మరి ఎవరో కట్టిన పన్నులతో నా కళ్ళు బాగుచేయించుకోడానికి నాకేం హక్కుందండీ?' అనేవారు. నేనేమో గూడ్స్ గార్డుగా చేసినవాణ్ణి. మా ఆవిడ కాన్పుల దగ్గర్నుంచి నా పన్ను పీకించుకోడం దాకా అన్నీ రైల్వే ఆస్పత్రిలోనే. నాకందులో తప్పేం కనపళ్ళేదు. ఆ మాటే అంటే, 'మీరు రైల్వేకి పనిచేశారు, అది జీతంలో భాగం, ఆ కేసు వేరు' అనేవారు. ఏది చెప్పినా ఆ కేసు వేరే ఆయనకి.

కళ్ళంటే శుక్లాలమ్మా, రెండు కళ్ళకీ. ఓ రోజు పొద్దున వాకింగ్‌లో మా చెత్తడబ్బాకి గుడ్ మార్నింగ్ చెప్పారు. నేనేం అనలేదు, అదీ తిరిగి ఏం అనలేదు, అలాగే ముందుకెళ్ళిపోయాం. శశికళ మొత్తుకునేది. 'నాన్నా, సిటిజన్‌షిప్ వచ్చేసింది కదా, పెద్దవాళ్ళకి గవర్నమెంటిచ్చే ఇన్సూరెన్స్‌కి అప్లై చేస్తాను, ఆపరేషన్ చేయించేద్దాం' అని. 'వద్దమ్మా, ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకుంటాను.' చూడూ, ఇండియా వెళ్ళినప్పుడు అనేదే ఇక్కడ మనవాళ్ళకున్న అతి పెద్ద ఆస్పత్రి. మోకాళ్ళు, చెవులు, కడుపులో మంట, సమస్తం అక్కడికే. నువ్వూ మొన్న నీ మెడనొప్పికి అదే అన్నావు, నవ్వకు. ఆయన మాత్రం టికెట్ కొననిచ్చేవారు కాదు. వాళ్ళావిడ పోయాక నరసరావుపేట పేరే ఎత్తలేదు మనిషి. పోనీ డబ్బు అల్లుడు పెట్టుకుంటానంటే అభిమానం. 'కొంచెం మసగ్గా ఉందమ్మా, అంతే' అనేవారు. ఆ కొంచెం ఎంతో మాకెవరికీ తెలీదు.

ఇంతలో శశికళ కూతురు మేధ, అప్పుడు టెన్త్ గ్రేడ్, స్కూల్లో డిబేట్ టీమ్‌లో చేరింది. వాళ్ళకిచ్చిన టాపిక్ సరిగ్గా ఇదే. అక్కడ పద్ధతేంటంటే, పోటీ మొదలయ్యే ముందు నాణెం ఎగరేస్తారు. ఎటు పడితే అటు వాదించాలి, నీ సొంత అభిప్రాయం ఎవడిక్కావాలి. అందుకని రెండువైపులా తయారవ్వాలి. ప్లీడరు గారికి అది తెగ నచ్చేసింది. 'మా వృత్తీ అంతేనే, ఫీజిచ్చినవాడి వైపు' అన్నారు. శనివారం శనివారం వాళ్ళ బేస్‌మెంట్‌లో కోర్టు. నేను జడ్జిని. గూడ్స్ గార్డుకి టైమ్ చూడ్డం తప్ప ఇంకేం తెలీదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటానట, మొహమ్మీదే అన్నారు. ఈయన వ్యతిరేకంగా వాదించేవారు, పిల్ల అనుకూలంగా. దాన్ని ఉతికి ఆరేసేవారు. 'తాతయ్యా, దట్స్ నాట్ ఫెయిర్. నీ టైమ్ అయిపోయింది, ఇంకా మాట్లాడుతుంది నువ్వు' అని తన వచ్చీరాని తెలుగులో అది గోల. పిల్లని ఒక్కసారన్నా గెలవనివ్వచ్చు కదా మహానుభావుడు. ఇవ్వరు.

ఇక ఓ శనివారం వైపులు మార్చారు. మేధ వ్యతిరేకం, ఈయన అనుకూలం. నేను లోపల్లోపల నవ్వుకుంటూ కూర్చున్నాను, ఇప్పుడేం చేస్తావయ్యా అని. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, నన్ను చూసి 'మైలార్డ్' అన్నారు. నన్నంటే, నా పక్కనున్న దీపం స్టాండుని చూసి. కాసేపు లెక్కలూ అవీ చెప్పారు. తర్వాత గొంతు తగ్గించారు. 'ఒక ముసలాయనున్నాడనుకోండి. అభిమానం ఎక్కువ, అడగడు. అడగలేనివాడికి కూడా అందాలి కాబట్టే దాన్ని హక్కంటారు మైలార్డ్, దానం అనరు. ఆ ఇంట్లో ఒక పిల్లుంది. పిల్ల గొంతు వినపడుతుంది, అడుగుల చప్పుడు వినపడుతుంది. మొహం ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా పొగ. ఆ పిల్ల ఎదుగుతోంది, రోజూ మారుతోంది, ఆయనకి మాత్రం అది ఎప్పుడో చిన్నప్పటి...' అని అక్కడ ఆగిపోయారు. నా ఫోన్‌లో టైమ్ ఇంకా ఉంది.

మేధ అడిగింది, 'తాతయ్యా, ఇప్పుడు నేను నీకు కనపడట్లేదా?' అని. 'నువ్వు ఎదుటి పార్టీవి, ప్రశ్నలు తర్వాత' అన్నారు. అది నవ్వలేదు. మెట్ల మీద శశికళ పకోడీల ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ జడ్జిని కదా. ప్లీడరు గారే గెలిచారు, తీర్పు అమలు చెయ్యాలి అన్నాను. 'గెలిస్తే లాభం కక్షిదారుకండీ, వకీలుకి కాదు' అన్నారు. మేధ ఊరుకుందా? 'ఓకే. మరి నీ క్లయింట్‌కి సర్జరీ ఎప్పుడు?' అంది. అంత మనిషీ తలొంచుకున్నారు. 'అప్లై చెయ్యి శశీ' అన్నారు. మళ్ళీ ఊరుకోలేక, 'అభిప్రాయం మారి కాదు, కోర్టు ఆర్డరుకి లోబడి' అని కలిపారు.

ముందు ఒక కన్నే చేశారు. రెండోది చేసేలోపే గుండెపోటుతో పోయారు. ఈ మధ్యలో ఆ ఒక్క కంటితోనే పేపరు మొత్తం చదివి, మళ్ళీ గవర్నమెంటుని తిట్టడం మొదలెట్టారు, అది వేరే సంగతి. నేను అడిగితే, 'ఆ కేసు వేరు' అన్నారు. ఆయన లేక నాకిక్కడ ఏం తోచట్లేదమ్మా, నిజం చెప్తున్నా. ఆపరేషనైన మర్నాడు నేనూ వెళ్ళాను వాళ్ళతో. నర్సు కంటి మీద మూత తీసి, గోడ మీది అక్షరాలు చదవమంది. ఈయన అటు చూడరే. ఆ గోడ పక్కనే మేధ నిలబడి, నోరంతా తెరిచి నవ్వుతోంది. దాన్నే చూస్తూ ఉండిపోయారు. నర్సు మళ్ళీ అడిగింది. 'ఒసేయ్, పళ్ళకి ఆ తీగలేంటే? ఎప్పుడు కట్టించారు?' అన్నారు.

'బ్రేసెస్, తాతయ్యా. టూ ఇయర్స్ అయింది. వచ్చే వారం తీసేస్తారు' అంది.

...

వాన పడేట్టుంది. ఆ కిటికీ వేసిరామ్మా.