తుఫానుని మూటగట్టిన బరకం

పెంటపాడు రోడ్డు మీద మరియంబీ టీ కొట్టు దగ్గర చలపతిరావు బల్ల మీద కూర్చున్నాడంటే ఇక మాటల కాలవకి గండి పడ్డట్టే. ఆ పూట తాతారావు ఆయన ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో టీ చల్లారిపోతోంది. తను కౌలుకి చేసి పండించిన ధాన్యమంతా రోడ్డు వారన ఆరబోసుంది, తూర్పున మబ్బు నల్లగా లేస్తోంది. తుఫాను తీరం దాటబోతోందని పొద్దుట్నుంచీ టీవీలో ఒకటే గోల. కప్పుదామంటే ఊళ్లో టార్పాలిన్ బరకాలు దొరకడం లేదు. చలపతిరావు ధాన్యపు రాశి మీద మాత్రం కొత్త బరకాలు రెండున్నాయి. ఒకటి అడుగుదామని వచ్చాడు పాపం, నోరు తెరిచే సందు దొరికితేగా.

"తుఫానంటే భయపడకూడదయ్యా," అంటున్నాడు చలపతిరావు. "మిగ్జాం తుఫాను నాడు ఏమైందనుకున్నారు? నా బరకం లేచిపోతుంటే ఒక కొస పట్టుకున్నాను. పట్టుకున్నవాణ్ణి వదల్లేదు."

అంతవరకూ నమ్మొచ్చు లెండి, అన్నాడు టైలర్ నాగూర్.

"నేను వదలకపోతే అదే నన్ను లేపింది. గుండుగొలను దాటాను, హైవే మీద లారీలు అగ్గిపెట్టెలంతే ఉన్నాయి. కొల్లేటికోటలో చేపల చెరువుల వాళ్లు తలెత్తి, ఎక్కడికండీ చలపతిరావు గారూ అని అడిగారు. పనుంది, వస్తానన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆయ్, ఆ బరకం విషయమేనండి..." అని మొదలెట్టాడు తాతారావు.

"బరకమే మరి! సముద్రం మీదికి పోయేసరికి ఎదురుగా తుఫాను కన్ను. నన్ను చూసి రెప్ప కూడా వేసింది. దాని మీద బరకం కప్పి, నాలుగు కొసలూ కలిపి, గడ్డిమోపు కట్టినట్టు బిగించేశాను. లోపల ఒకటే గింజుకోవడం. మన జిల్లాలో విప్పితే ఏమన్నా మిగులుతుందా? అందుకని బాపట్ల దాకా ఈడ్చుకెళ్లి అక్కడ దించాను."

మా చెల్లెల్ని ఇచ్చింది బాపట్లేనండి, అంది మరియంబీ, పాలు కలియబెడుతూ. ఆవిడ ఇల్లు తప్పించే దించానని చలపతిరావు తడుముకోకుండా చెప్పాడు.

ఇక అక్కణ్ణించి పగ్గాల్లేవు. ఏ దేశంలో తుఫాను లేచినా ముందు కబురు ఆయనకేనట. ఫిలిప్పీన్స్ వాళ్లు వీడియో కాల్ చేస్తారట. అమెరికాలో దాన్ని హరికేన్ అంటారు గానీ పేరు మారితే బుద్ధి మారుతుందా, ఫోన్లోనే గద్దిస్తే తోక ముడుస్తుందట. జపాను వాళ్లయితే ఆయన కేక రికార్డు చేసుకుని తీరం పొడుగునా మైకులు పెట్టుకున్నారట.

"ఇప్పుడొచ్చేది కూడా పొద్దున్నే మాటిచ్చింది," అన్నాడు చివరికి, "మీ గింజ తడపనండీ అని."

చల్లటి గాలి ఒకటి విసురుగా కొట్టింది. తాతారావు వెనక్కి తిరిగి తన ధాన్యం వంక చూశాడు. తడిస్తే మొలకెత్తుతుంది, మొలకెత్తితే మిల్లువాళ్లు ముట్టుకోరు. ఇంటిల్లిపాదీ ఏడాది కష్టం అది. ఇక మొహమాటం ఎగిరిపోయింది.

"అయితే ఆ రెండు బరకాలూ నాకిప్పించండయ్యా. తుఫాను మీకు మాటిచ్చింది, నాకివ్వలేదండి."

నాగూర్ అప్పటికే లేచి చెప్పులేసుకుంటున్నాడు, మోయడానికి ఓ చెయ్యి వేద్దామని. మరియంబీ పొయ్యి తగ్గించి చలపతిరావు వంకే చూస్తోంది. ఆయన ఓసారి ఆకాశం వైపు చూశాడు, ఓసారి తన రాశి వైపు చూశాడు.

"ఒకటి చాలదా?" అన్నాడు, ఆ పూటకి మొదటిసారి మెల్లగా.

"చాలదండి," అన్నాడు తాతారావు.